రెండో గది గడియారం

అక్క పోయిన రోజు నేను ఏడో తరగతికి మూడో పీరియడ్ చెబుతున్నాను. బోర్డు మీద ఒక వాక్యం సగం రాశాను. హెడ్‌మిస్ట్రెస్ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆవిడ ఎప్పుడైనా నేరుగా లోపలికి వచ్చి మాట్లాడే మనిషి. ఆగిపోవడం చూసి నాకు అర్థమైంది. అయినా వాక్యం పూర్తి చేసి, చివర చుక్క పెట్టి, సుద్దముక్క పెట్టెలో వేసి బయటికి వచ్చాను. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చి అప్పటికే పావుగంట అయిందట.

అక్కకు యాభై నాలుగేళ్ళు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. మా ఇద్దరికీ పెళ్ళి కుదరలేదు. ఇరవై ఏళ్ళుగా మూడో అంతస్తులో రెండు పడకగదుల ఇంట్లో కలిసి ఉన్నాం. ఆమె గదికి ఒకే కిటికీ. అది తీస్తే పక్కింటి గోడ.

మర్నాడు అన్నీ అయ్యాక ఆ గదిలోకి వెళ్ళాను. బల్ల మీద రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి అట్ట చిరిగిన పొడుగాటి రిజిస్టరు. రెండోది అంటించని కవరు. అవి అక్కడ ఉంటాయని నాకు తెలుసు. ఉండకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

అక్క పని గురించి నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఆమె చెప్పినదే. నేను పాఠాలు చెప్పే దాన్ని కాబట్టి నాకు అర్థమయ్యేలా పుస్తకం లెక్కన చెప్పేది. ప్రతి కణంలోనూ ఒకే పుస్తకం ఉంటుంది. అక్షరాలు మారవు. కానీ అంచుల్లో పెన్సిల్ గుర్తులు ఉంటాయి, ఈ పేజీ చదువు, ఈ పేజీ వదిలెయ్ అని. ఆ గుర్తుల శాస్త్రమే ఎపిజెనెటిక్స్. అండంలోకి శుక్రకణం చేరిన మొదటి రోజే, పిండం ఇంకా ఒకే ఒక్క కణంగా ఉన్నప్పుడే, తండ్రి వైపు నుంచి వచ్చిన గుర్తుల్లో చాలాభాగం చెరిగిపోతాయి. కొత్త తరగతికి పాత నోటుపుస్తకం ఇచ్చే ముందు రబ్బరు పెట్టి తుడిచినట్టు. ఎన్నో గంటలో తుడుపు మొదలవుతుంది, ఏది ఆలస్యం చేస్తుంది అన్నది అక్క జీవితం.

ఆమెకు పేరు తెచ్చినది ఒకటే ఫలితం. కడుపునిండా తిన్న తల్లి ఎలుకలు కొన్ని, సగం మేతతో ఉంచిన తల్లి ఎలుకలు కొన్ని. సగం మేత తల్లుల పిండాల్లో ఆ తుడుపు మూడు గంటలు ఆలస్యంగా మొదలైంది. తల్లి ఆకలి బిడ్డ మొదటి రోజునే తాకుతుందని దాని అర్థం. ఆ వ్యాసంతో అక్కకు సొంత ప్రయోగశాల వచ్చింది. పనిచేయడానికి ఎనిమిది మంది వచ్చారు. సభల్లో మాట్లాడటానికి పిలుపులు వచ్చాయి. ఇంకోచోట ఒక బృందం తమకు ఆ తేడా కనిపించలేదని రాస్తే, వాళ్ళ మేత వేరని అక్క జవాబు రాసింది. ఆ జవాబులో భాష నేను చూశాను. ఆమె రాసిన ప్రతిదీ ఒకసారి నా చేతిలోంచి వెళ్ళేది. "నీ ఎర్ర పెన్ను పడకపోతే నా మాట ముళ్ళకంపే" అనేది.

ఆ ఎలుకల్ని ఉంచింది పాత భవనం నేలమాళిగలో. కిటికీలు లేని రెండు గదులు. ఒకదాంట్లో నిండు మేతవి, రెండోదాంట్లో సగం మేతవి. దీపాలు ఉదయం ఆరింటికి వెలిగి సాయంత్రం ఆరింటికి ఆరిపోయేట్టు ప్రతి గది బయటా గోడకు ఒక గుండ్రటి టైమరు ఉండేది. చీకటి సగమయ్యే వేళకు ఎలుకలు జతకడతాయని లెక్క. అక్కడి నుంచి గంటలు లెక్కపెట్టి పిండాల వయసు చెబుతారు. పిండం వయసు చెప్పేది ఆ గోడ మీది టైమరే. దాన్ని నమ్మడం తప్ప వాళ్ళకు వేరే దారి లేదు.

ఆ గదుల్లో తీసిన పిండాల నమూనాల్ని గడ్డకట్టించి పెట్టుకున్నారు. ఐదేళ్ళు వాటితోనే పని నడిచింది. ఈలోగా ప్రయోగశాల కొత్త భవనానికి మారింది. పాతవి అయిపోయాక కొత్తవి తీయాల్సి వచ్చింది. ఆ పని చీమకు పడింది.

చీమ అన్నది అక్క పెట్టిన పేరు. సన్నగా, నల్లగా, ఆగకుండా తిరుగుతూ ఉండే పిల్ల. పిండాన్ని సూక్ష్మదర్శిని కింద వెంట్రుకంత గాజుగొట్టంలోకి తీసుకుంటారు. దానికి తగిలించిన రబ్బరు గొట్టం రెండో కొస నోట్లో. ఊపిరి కొంచెం ఎక్కువైతే పిండం పోతుంది. చీమ వచ్చిన మొదటి ఏడాదే అక్క ఇంట్లో చెప్పింది, అది అంత నిలకడగా ఊపిరి పీల్చడం చూస్తే తన పనికి తనకే సిగ్గేస్తుందని.

నాలుగేళ్ళు చీమ ఆ మూడు గంటల తేడా కోసం వెతికింది. రాలేదు. నిండు మేత, సగం మేత, రెండూ ఒకే గంటకు తుడుచుకునేవి. మళ్ళీ చెయ్యమన్నారు. చేసింది. ఎలుకల జాతి మార్చింది, మేత మార్చింది. నీళ్ళు మార్చింది. ప్రయోగశాలలో మిగతావాళ్ళు ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చి మాట్లాడటం తగ్గించారు. కుడిచేయి మాత్రం సరదాగా ఒక మాట అనేవాడు. కుడిచేయి అంటే అక్క మొదటి శిష్యుడు, ఆమె తర్వాత అంతా తానై చూసుకునేవాడు. "చీమా, పుట్టలో పాముందేమో చూసుకో" అనేవాడట. చీమ నవ్వేదట.

ఐదో ఏడు మొదట్లో అక్క ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. చీమను కొనసాగించాలా వద్దా అని సంస్థ అడిగిన అభిప్రాయం. అందులో అక్క రాసిన వాక్యం ఇది: 'ఈమె చేతికి నేర్పు లేదు.' నేను మరీ కటువుగా ఉందన్నాను. నా ఎర్ర పెన్నుతో దిద్దాను. 'ఎంత శ్రద్ధగా ప్రయత్నించినా, ఈ సున్నితమైన పనికి కావలసిన నేర్పు ఈమెకు అలవడలేదు.'

అక్క చదివి, బాగుందంది. నాకూ బాగుందనిపించింది. కటువుగా ఉన్న వాక్యాన్ని ఎవరైనా అనుమానిస్తారు, కోపంలో రాశారేమోనని. దయగా ఉన్నదాన్ని ఎవరూ అనుమానించలేదు. చీమ డిగ్రీ లేకుండా వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చి, అక్క గాజుగొట్టాల పెట్టె తిరిగి ఇచ్చి, కాఫీ తాగి వెళ్ళింది. నేనే కలిపి ఇచ్చాను.

రెండేళ్ళ తర్వాత ఎలుకల మామయ్య ఉద్యోగ విరమణ చేశాడు. ముప్ఫై ఏళ్ళు ఆ జంతువుల గదులు చూసుకున్న మనిషి. అందరూ మామయ్య అనే పిలిచేవారు. ఆఖరి రోజున పాత భవనంలో తన బీరువా ఖాళీ చేసి, అందులోని రిజిస్టర్లు ఎవరికివ్వాలో తెలియక, తిన్నగా మా ఇంటికి తెచ్చాడు. ఆ రోజు ఆదివారం. నేను కూరగాయలు తరుగుతున్నాను. అక్క పేజీలు ఊరికే తిప్పుతూ, మామయ్యకు చేతిరాత ఇంత బాగుందని తనకు తెలియదని వేళాకోళం చేస్తోంది. తర్వాత తిప్పడం ఆగింది.

"మామయ్యా, 'రెండో గది చీకటి, ఎర్రదీపంతో మేత' అని రోజూ రాశావేంటి?"

"చీకటే కదమ్మా. నేను ఏడింటికి వచ్చేసరికి మొదటి గదిలో దీపాలు వెలిగి ఉండేవి. రెండోది తొమ్మిదిదాకా వెలిగేది కాదు. చీకట్లో తెల్లదీపం వెయ్యొద్దని మీరే చెప్పారు. అందుకని ఎర్రదీపం పట్టుకుని మేత తూచి వేసేవాణ్ణి."

"ఎన్నాళ్ళు?"

"కొత్త బిల్డింగుకి మారేదాకా. ఆ కరెంటు పోయిన రోజు నుంచి. మొదటి గదికి జనరేటరు ఉంది, దీనికి లేదు. మూడు గంటలు కరెంటు లేదు."

అక్క ఆ పేజీలు మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. మామయ్యే మళ్ళీ అన్నాడు. "మీ ప్రయోగం కోసం అలా పెట్టుకున్నారేమో అనుకున్నానమ్మా. పెద్ద చదువులవాళ్ళు, నేనేం అడుగుతాను. రాసి మాత్రం పెట్టాను. ఎవరైనా చదువుతారు కదా అని."

కరెంటు పోతే ఆ పాత టైమరు ఆగిపోతుంది. వస్తే ఆగినచోటి నుంచి నడుస్తుంది. దాని పగలు మూడు గంటలు వెనక్కి జరిగింది. రెండో గది ఎలుకలు మూడు గంటలు ఆలస్యంగా జతకట్టాయి. మామూలు గడియారం ప్రకారం ఒకే వేళకు తీసినా వాటి పిండాలు మూడు గంటలు చిన్నవి. తల్లి ఆకలికీ దానికీ సంబంధం లేదు. అక్క, కుడిచేయి, మిగతావాళ్ళు పదింటికి వెళ్ళేవారు. అప్పటికి రెండు గదుల్లోనూ దీపాలు వెలుగుతూ ఉండేవి. తొమ్మిది లోపల ఆ గదిలోకి వెళ్ళిన మనిషి ఒక్కడే. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

మామయ్యకు భోజనం పెట్టి పంపాం. అక్క తినలేదు. గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడి, "కుడితిలో పడ్డ ఎలుకనే, నేను" అంది. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. ఆమె మాత్రం నవ్వింది.

ఆ తర్వాత రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా ఆమె తన చేతులతో ఒక ప్రయోగం చేసింది. రెండు గదుల్లోనూ నిండు మేత తల్లులే. ఒక గది దీపాలు మాత్రం కావాలని మూడు గంటలు వెనక్కి జరిపింది. అప్పటికే దగ్గు మొదలైంది. రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుంటే ఊపిరి నిలిచేది కాదు, పిండాలు చాలా పోయాయి. మిగిలినవి చాలు. మూడు గంటల తేడా అచ్చం అలాగే వచ్చింది.

నేననుకున్నాను, మర్నాడే చెప్పేస్తుందని. చెప్పలేదు. వారం తర్వాత అడిగాను. ప్రయోగశాలలో ఎనిమిది మంది ఉన్నారంది. వాళ్ళలో ఇద్దరి థీసిస్ పునాది ఆ వ్యాసమే. పునాది తీస్తే పైకప్పు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పమంది. ఇంకో వారానికి జబ్బు పేరు తెలిసింది. ఇక ఆ మాట ఎత్తడం నావల్ల కాలేదు. పొద్దున ఆమెకు మందులిచ్చి, బడికి వెళ్ళి, పిల్లలు పరీక్షలో చూసి రాస్తే తప్పని చెప్పి, సాయంత్రం ఇంటికి వచ్చేదాన్ని. బల్ల మీద రిజిస్టరు అలాగే ఉండేది. దాని మీద దుమ్ము తుడిచేదాన్ని.

పోవడానికి నెల ముందు అక్క, ఆ వ్యాసం వేసిన పత్రికకు, ఫలితం తప్పని ఉత్తరం రాసింది. నాలుగు వాక్యాలు. ఈసారి నాకు దిద్దడానికి ఇవ్వలేదు. సంతకం చేసి కవరులో పెట్టింది. ఇంకో కాగితం తీసుకుని, పైన 'చీమా' అని రాసి, చాలాసేపు కూర్చుంది. మూతికి ఆక్సిజన్ గొట్టం ఉంది. చివరికి కాగితం నా వైపు జరిపింది.

"ఇది నాకు చేతకావట్లేదే. నువ్వు రాయి."

"నేనేం రాయను? తప్పు నీది."

"ఆ వాక్యం నీది కదా."

అని, కాగితం కూడా కవరులో పెట్టేసింది. తాను ఉండగా పంపొద్దంది. పోయాక నా ఇష్టమంది. అలా అనడం అన్యాయమని నేను అనలేదు. ఊపిరి అందని మనిషితో ఎవరు వాదిస్తారు.

ఆమె పోయిన పన్నెండో రోజున కుడిచేయి వచ్చాడు. ఇప్పుడు ప్రయోగశాల అతనిది. చెడ్డవాడు కాదు. ఆసుపత్రిలో నాకంటే ఎక్కువ రాత్రులు కాపలా ఉన్నాడు. రిజిస్టరు సంగతి తనకు తెలుసన్నాడు. అక్క చివరి వారంలో చెప్పిందట. తిరగేసి చూశాడు. నేను అతని చేతుల్నే చూశాను. పద్నాలుగేళ్ళ కింద ఆ పిండాల్లో సగం తీసింది ఆ చేతులే.

"నేను అబద్ధం చెప్పమనట్లేదు టీచర్‌గారూ. ఆర్నెల్లు ఆగమంటున్నా. ఇద్దరు పిల్లలు థీసిస్ ఇస్తున్నారు. ఇప్పుడిది బయటికొస్తే వాళ్ళూ ఇంకో ఇద్దరు చీమలవుతారు."

"మరి మొదటి చీమ?"

అతను తల దించుకున్నాడు. "ఆ పిల్ల ఇప్పుడు బాగానే ఉంది. మంచి ఉద్యోగం. మనం వెళ్ళి కెలికితే ఆమెకి మాత్రం ఏమొస్తుంది చెప్పండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు రెండు వైపులా పిల్లలే కనిపించారు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల వైపు నిలబడటమే నా పని. ఏ పిల్లల వైపో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆరు నెలలు ఆగుతానని మాట ఇచ్చాను. అప్పుడతను, రిజిస్టరు సంస్థకు చెందినది కాబట్టి తన దగ్గర ఉంచుతానన్నాడు. నియమం నియమమే కదా అనుకున్నాను. ఒక్క పేజీకైనా నకలు తీయించాలని తట్టలేదు. రసీదు మాత్రం అడిగాను. రాసిచ్చాడు. 'పాత రిజిస్టరు, ఒకటి.' లోపల ఏముందో రసీదులో లేదు. పిల్లలు ఇలాంటి జవాబు రాస్తే సగం మార్కులు వేస్తాను.

ఆరు నెలలూ అయ్యాయి. ఇద్దరిలో ఒకరు థీసిస్ ఇచ్చారు. రెండో అమ్మాయికి బిడ్డ పుట్టింది, మరో ఆరు నెలలు కావాలని కుడిచేయి ఫోను చేశాడు. రిజిస్టరు భద్రంగా ఉందా అని అడిగాను. బీరువాలో ఉందన్నాడు. ఒకసారి చూస్తానంటే, తప్పకుండా, ఈ పని అవనివ్వండి అన్నాడు. ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో నాకు తెలియదు.

నిన్న శనివారం, ఒంటిపూట బడి. కవరు సంచిలో పెట్టుకుని చీమ పనిచేసే చోటికి వెళ్ళాను. సంతానం కలగనివాళ్ళకు వైద్యం చేసే ఆసుపత్రి. నాలుగో అంతస్తు. పేరు చెప్పి కూర్చున్నాను. నాతోపాటు కూర్చున్నవాళ్ళంతా జంటలు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, గోడ మీది గడియారం చూస్తున్నారు. ఆ వరసలో నన్ను చూసి ఒకావిడ కొంచెం జరిగి చోటిచ్చింది.

చీమ తలకు నీలం టోపీతోనే వచ్చింది. నన్ను చూసి నా రెండు చేతులూ పట్టుకుంది. అక్క పోయిందని ఆలస్యంగా తెలిసిందని, రావాలో వద్దో తేల్చుకోలేకపోయానని చెప్పింది. కిటికీ లేని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టింది. ఇక్కడ ఆమె చేసేది అదే పని. గాజుగొట్టం, పిండాలు. ఎలుకలవి కాదు. రోజుకు పది, పన్నెండు.

"ఒక్కటీ పోలేదు టీచర్‌గారూ, ఇప్పటిదాకా" అంది.

"నీ చేయి మంచిది కదమ్మా."

"మంచిదేం కాదు. మేడమ్ రాసింది నిజమే. అది నాకు ఉపయోగపడింది తెలుసా. నా చేతిని నేను నమ్మను. ప్రతిదీ రెండుసార్లు చూస్తాను, ఇంకొకళ్ళకి చూపిస్తాను. ఇక్కడ అందుకే నన్ను మెచ్చుకుంటారు. ఇంట్లోనే కష్టం. పొయ్యి ఆర్పానా లేదా అని మెట్ల మీదనుంచి వెనక్కెళ్తా. తాళం వేశానా లేదా అని మళ్ళీ వెళ్తా. మా ఆయన నవ్వుతాడు, నీకు పదహారు వేళ్ళుండాల్సింది, లెక్కపెట్టుకోడానికైనా పనికొచ్చేవి అని."

చెప్పి తనూ నవ్వింది. తర్వాత టోపీ అంచు సర్దుకుంటూ అడిగింది. "మేడమ్ చివర్లో నా గురించేమైనా అన్నారా?"

సంచి నా ఒళ్ళో ఉంది. కవరు అంచు వేలికి తగులుతోంది. అందులో నాలుగు వాక్యాలు ఉన్నాయి. తీసి ఆమె చేతిలో పెడితే చాలు. చదవడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం తర్వాత ఆమె ఇంకెప్పుడూ మెట్ల మీదనుంచి వెనక్కి వెళ్ళదేమో. లేదా ఆ నాలుగేళ్ళు ఎవరు తిరిగిస్తారని నన్ను అడుగుతుంది. కవరు బయటికి వస్తే, పొత్తిళ్ళలో బిడ్డతో థీసిస్ రాసుకుంటున్న అమ్మాయి ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఆధారం ఏదని ఎవరైనా అడిగితే నా దగ్గర రసీదు ఉంది.

"అన్నది. నీలాంటి శ్రద్ధ ఉన్న మనిషిని తాను మళ్ళీ చూడలేదంది" అన్నాను.

అక్క ఆ మాట అనలేదు. నేను అక్కడికక్కడ కూర్చాను. చీమ కళ్ళు తుడుచుకుంది. బాగా కుదిరిన వాక్యం అది. ఐదారేళ్ళ కింద రాసినదానిలాగే.

లోపలినుంచి ఎవరో పిలిచారు. ఆమె లేచి, తలుపుదాకా వెళ్ళి, తన కుర్చీ మీద ఏమైనా మరిచిపోయిందేమోనని వెనక్కి వచ్చి చూసుకుని, వెళ్ళింది.

నేను మెట్లు దిగి బస్సెక్కి ఇంటికి వచ్చాను. అక్క గది కిటికీ తీసి, పక్కింటి గోడ ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్నాను. 'చీమా' అని ఉన్న కాగితం తీసి, పెన్ను మూత తీశాను. ఎర్ర పెన్ను కాదు, నీలం. ఆ పేరు కింద ఒక్క అక్షరం కూడా పడలేదు. తట్టిన ప్రతి మాటా దయగానే వచ్చింది, దయగా వచ్చిన ప్రతి మాటనూ కొట్టేశాను, కాగితం మీద కాదు, మనసులోనే. కాగితం శుభ్రంగా ఉంది.

ఈ రోజు ఆదివారం. పత్రికకు అక్క రాసిన ఉత్తరం పోస్టు చేయలేదు. చీమకు నేను రాయవలసినది రాయలేదు. సంస్థ ఫైలులో నా వాక్యం నేను దిద్దినట్టే ఉంది.